వీలాన్‌కు ఐపీ చిరునామా ఇస్తే ఏం జరుగుతుంది?

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో కంప్యూటర్లు మొరాయించాయి. ఓపీ రిజిస్ట్రేషన్లు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లింగ్ ఆగిపోవడంతో సిబ్బంది మళ్లీ కాగితం, కలం పట్టుకోవాల్సి వచ్చింది. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయని, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం దుండగుల ఎన్‌క్రిప్షన్‌లో చిక్కుకుందని కేంద్రం ఆ తర్వాత పార్లమెంటుకు తెలిపింది. దాడి సోకని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలి ఉండబట్టి ఈ-హాస్పిటల్ సమాచారాన్ని తిరిగి రాబట్టగలిగారు. అప్పటి ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ రాజ్యసభకు ఇచ్చిన సమాధానంలో దీనికి కారణం కూడా చెప్పారు. ప్రాథమిక విశ్లేషణ ప్రకారం అది నెట్‌వర్క్‌ను సరైన పద్ధతిలో విభజించకపోవడం.

నెట్‌వర్క్ విభజన సరిగ్గా లేదు అన్న మాటలో చాలా రకాల లోపాలు ఇమిడిపోతాయి. కొన్ని సంస్థల్లో అసలు విభజనే ఉండదు. వందల కంప్యూటర్లు, సర్వర్లు, కెమెరాలు ఒకే గంపలో ఉంటాయి. ఇంకొన్ని చోట్ల విభజన కాగితం మీద చక్కగా ఉంటుంది. స్విచ్‌లో ఆరు వీలాన్లు కనిపిస్తాయి, వాటికి పేర్లూ ఉంటాయి, ఆడిట్‌కు వచ్చినవాళ్లు సంతృప్తిగా తలూపి వెళ్లిపోతారు. కానీ ఆ ఆరింటిలో ఏ మూల నుంచి ఏ మూలకైనా ప్యాకెట్ నిరాటంకంగా వెళ్తుంది. ఈ రెండో రకం ఎక్కువ ప్రమాదకరం. గోడ ఉందన్న భరోసాతో మిగతా జాగ్రత్తలు సడలిపోతాయి. ఈ పరిస్థితి ఎలా వస్తుందో అర్థం కావాలంటే, చాలామంది ఇంజనీర్లు ఐదు నిమిషాల్లో ముగించేసే ఒక చిన్న పని దగ్గర ఆగాలి. అది స్విచ్‌లోని వీలాన్ ఇంటర్‌ఫేస్‌కు ఐపీ చిరునామా ఇవ్వడం.

గోడ ఒక పొరలో, గుమ్మం ఇంకో పొరలో

స్విచ్ తనంతట తానుగా ఐపీ చిరునామాలను పట్టించుకోదు. ఏ యంత్రం హార్డ్‌వేర్ చిరునామా ఏ పోర్టు వెనక ఉందో గుర్తుపెట్టుకుని, ఆ పోర్టుకు ఫ్రేమ్‌ను పంపిస్తుంది. గమ్యం తెలియకపోయినా, అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ అయినా అన్ని పోర్టులకూ వదులుతుంది. యంత్రాలు పెరిగేకొద్దీ ఈ బ్రాడ్‌కాస్ట్ రొద పెరుగుతుంది. ఒకే స్విచ్‌ను లోపల అనేక స్విచ్‌లుగా చీల్చే ఏర్పాటే వర్చువల్ లాన్, క్లుప్తంగా వీలాన్. ఒక వీలాన్‌లో పుట్టిన ఫ్రేమ్ అదే వీలాన్‌కు చెందిన పోర్టులకే చేరుతుంది. రెండు స్విచ్‌ల మధ్య ఒకే కేబుల్ మీద అనేక వీలాన్ల రద్దీ సాగాలంటే, ప్రతి ఫ్రేమ్‌కూ నాలుగు బైట్ల చీటీ అంటిస్తారు. దాన్నే ట్యాగ్ అంటారు. ఈ పద్ధతిని ప్రామాణికం చేసిన ఐఈఈఈ 802.1క్యూ తొలిసారి 1998లో వచ్చింది. ట్యాగ్‌లో వీలాన్ సంఖ్యకు 12 బిట్లు కేటాయించారు. వాటిలో మొదటిదీ చివరిదీ ప్రత్యేక అవసరాలకు పోగా 1 నుంచి 4094 దాకా వాడుకోవచ్చు.

ఇంతవరకూ ఉన్నది గట్టి గోడ. వీలాన్ 10లోని కంప్యూటర్‌కు వీలాన్ 20లోని సర్వర్ ఉన్నట్టే తెలియదు. కానీ ఏ సంస్థకైనా ఒక గది నుంచి ఇంకో గదికి కొంత రాకపోకలు తప్పవు. డాక్టర్ కంప్యూటర్ నుంచి రికార్డుల సర్వర్‌ను చేరుకోవాలి కదా. ఒక వీలాన్ నుంచి మరో వీలాన్‌కు వెళ్లాలంటే రౌటింగ్ చేసే పరికరం ఉండాలి. తొలి రోజుల్లో బయట ఒక రౌటర్ పెట్టి, స్విచ్ నుంచి దానికి ఒకే ట్రంక్ కేబుల్ వేసేవారు. రద్దీ అంతా ఆ ఒక్క తీగ మీద పైకి వెళ్లి కిందికి రావాలి కాబట్టి అక్కడే ఇరుకు ఏర్పడేది. రౌటింగ్‌ను స్విచ్‌లోనే, హార్డ్‌వేర్ వేగంతో చేసే లేయర్ 3 స్విచ్‌లు వచ్చాక ఆ అవసరం తగ్గింది.

లేయర్ 3 స్విచ్‌లో ఒక్కో వీలాన్‌కు ఒక ఊహాత్మక ఇంటర్‌ఫేస్ సృష్టించవచ్చు. దానికి కేబుల్ ఉండదు, కంటికి కనిపించే పోర్టూ ఉండదు. సిస్కో దీన్ని స్విచ్ వర్చువల్ ఇంటర్‌ఫేస్, అంటే ఎస్‌వీఐ అంటుంది. హువావే స్విచ్‌లలో వీలానిఫ్ అనీ, జునిపర్‌లో ఐఆర్‌బీ అనీ పిలుస్తారు. ఆ ఇంటర్‌ఫేస్‌కు ఇచ్చే ఐపీ చిరునామాయే ఆ వీలాన్‌లోని యంత్రాలన్నిటికీ గేట్‌వే. పొరుగు గదికి వెళ్లాల్సిన ప్రతి ప్యాకెట్ మొదట ఈ చిరునామా దగ్గరికే వస్తుంది.

చిరునామా ఇచ్చి, ఇంటర్‌ఫేస్ పైకి లేవగానే స్విచ్ తన రౌటింగ్ పట్టికలో ఒక వరుస తానే రాసుకుంటుంది. ఈ సబ్‌నెట్ నాకు నేరుగా ఆనుకుని ఉంది అన్నది దాని అర్థం. రెండో వీలాన్‌కూ చిరునామా ఇస్తే రెండో వరుస చేరుతుంది. రౌటింగ్ పనిచేస్తుంటే ఆ క్షణం నుంచి రెండింటి మధ్య దారి తెరుచుకుంటుంది. దాన్ని తెరవమని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు, మూసి ఉంచమని మాత్రం విడిగా చెప్పాలి. ఫైర్‌వాల్ స్వభావం సాధారణంగా దీనికి విరుద్ధం. అందులో అనుమతి రాసేదాకా దారి ఉండదు. స్విచ్ మాత్రం రద్దీని వేగంగా పంపడానికే పుట్టింది. ఆపమని చెప్పేదాకా పంపుతూనే ఉంటుంది. ఆరు వీలాన్లు ఉండి కూడా అన్నీ ఒకే గంపలా ప్రవర్తించడానికి కారణం ఇదే.

ఒక ఆసుపత్రిని ఊహించుకుందాం

వంద పడకల ఆసుపత్రి. సిబ్బంది కంప్యూటర్లు వీలాన్ 10, సర్వర్లు 20, స్కానింగ్ యంత్రాలు, మానిటర్ల వంటి వైద్య పరికరాలు 30, సీసీ కెమెరాలు 40, రోగుల బంధువులకిచ్చే వైఫై 50, స్విచ్‌ల నిర్వహణకు 99. చిరునామాలు ఎలా పంచాలి?

లోపలి వాడకానికి ఎవరి అనుమతీ అక్కర్లేని చిరునామాల శ్రేణులను ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం 1996లోనే కేటాయించింది. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవన్నీ ఆ కోవలోవి. ఇవి ఇంటర్నెట్‌లో నేరుగా తిరగవు. బయటి ప్రపంచానికి కనిపించే చిరునామాలు కావాలంటే భారత్‌లో ఇంటర్నెట్ సేవల సంస్థను గానీ, ఐఆర్‌ఐఎన్‌ఎన్ అనే జాతీయ రిజిస్ట్రీని గానీ అడగాలి. వీలాన్ ఇంటర్‌ఫేస్‌లకు సాధారణంగా లోపలి శ్రేణే చాలు.

10తో మొదలయ్యే శ్రేణిలో రెండో అంకె శాఖకు, మూడో అంకె వీలాన్‌కు కేటాయిస్తే చూడగానే అర్థమవుతుంది. మన ఆసుపత్రి సంస్థలో అయిదో శాఖ అనుకుంటే, వీలాన్ 40 సబ్‌నెట్ 10.5.40.0/24, గేట్‌వే 10.5.40.1. రాత్రి రెండు గంటలకు లాగ్‌లో 10.5.40.17 కనబడితే అది కెమెరా అని నిద్రమత్తులో ఉన్నవాడైనా చెప్పగలడు. ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. మూడో అంకె 255 దాటదు. వీలాన్ సంఖ్య 300 అయితే పోలిక తప్పుతుంది. కాబట్టి మొదటి రోజే 255 లోపు సంఖ్యలు ఎంచుకోవడం మంచిది.

/24 అంటే 254 యంత్రాలకు చోటు. మాస్క్ రూపంలో రాస్తే 255.255.255.0. నిర్వహణ వీలాన్‌లో ఇరవై స్విచ్‌లే ఉంటే /26 చాలు, అందులో 62 చిరునామాలు దొరుకుతాయి. అయినా చిన్న సంస్థల్లో అన్నిటికీ /24 ఇచ్చేయడమే నా సలహా. చిరునామాలు మిగిలిపోయినా నష్టం లేదు. మాస్క్‌ల లెక్క తప్పితేనే తంటా.

అలాంటి తంటా ఒకటి చూద్దాం. గేట్‌వేకు /24 ఇచ్చారు, ఒక సర్వర్‌కు ఎవరో పొరపాటున 255.255.0.0 మాస్క్ పెట్టారు. ఆ సర్వర్ దృష్టిలో 10.5తో మొదలయ్యే యంత్రాలన్నీ తన గదిలోనివే. కెమెరాతో మాట్లాడాలంటే గేట్‌వేకు పంపకుండా, ఎవరయ్యా 10.5.40.17 అని తన వీలాన్‌లోనే కేకేస్తుంది. నిజానికి జవాబు రాకూడదు. కానీ సిస్కో స్విచ్‌ల వీలాన్ ఇంటర్‌ఫేస్‌లలో ప్రాక్సీ ఆర్ప్ అనే సౌకర్యం ముందే పనిచేస్తుంటుంది. అడిగిన యంత్రం తరఫున స్విచ్ తన హార్డ్‌వేర్ చిరునామా చెప్పి పని జరిపించేస్తుంది. తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. ఎప్పుడో స్విచ్ మార్చి, కొత్తదానిలో ఆ సౌకర్యం లేకపోతే ఒక్క సర్వర్ మాత్రమే అర్థంకాని రీతిలో మూగబోతుంది. ప్రాక్సీ ఆర్ప్‌ను ప్రతి వీలాన్ ఇంటర్‌ఫేస్‌లోనూ ఆపేయడం వల్ల ఇలాంటి తప్పులు మొదటి రోజే పట్టుబడతాయి.

ఆదేశాల వరుస

సిస్కో తరహా స్విచ్‌లో పని నాలుగైదు ఆదేశాలతో అయిపోతుంది. ముందు 'వీలాన్ 40' అని ఇచ్చి, దానికో పేరు పెట్టాలి. కెమెరాలు తగిలించే పోర్టుల్లోకి వెళ్లి వాటిని యాక్సెస్ పోర్టులుగా, వీలాన్ 40కి చెందినవిగా ప్రకటించాలి. తర్వాత 'ఇంటర్‌ఫేస్ వీలాన్ 40' అని టైప్ చేస్తే ఊహాత్మక ఇంటర్‌ఫేస్ పుడుతుంది. దాని లోపల 'ఐపీ అడ్రస్ 10.5.40.1 255.255.255.0', ఆపైన 'నో షట్‌డౌన్'. చివరగా స్విచ్ మొత్తానికీ వర్తించేలా 'ఐపీ రౌటింగ్'. కొన్ని మోడళ్లలో ఈ చివరిది ఇచ్చేదాకా రౌటింగ్ జరగదు. క్యాటలిస్ట్ 2960 వంటి వాటిలో అయితే ముందు హార్డ్‌వేర్ జ్ఞాపకశక్తి పంపకాన్ని రౌటింగ్‌కు అనువుగా మార్చి, స్విచ్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయాలి.

కంపెనీని బట్టి పదాలు మారతాయి. హెచ్‌పీ ప్రోకర్వ్ సంప్రదాయంలో వీలాన్ లోపలికి వెళ్లి, అక్కడే పోర్టులనూ ఐపీ చిరునామానూ రాస్తారు. సిస్కో యాక్సెస్, ట్రంక్ అన్నవాటిని అక్కడ అన్‌ట్యాగ్డ్, ట్యాగ్డ్ అంటారు. సిస్కో నెక్సస్ శ్రేణిలో వీలాన్ ఇంటర్‌ఫేస్ అనే సౌకర్యాన్నే ముందు ఆన్ చేయాలి, లేకపోతే ఆదేశాన్నే గుర్తించదు. జునిపర్‌లో ఐఆర్‌బీ యూనిట్‌కు చిరునామా ఇచ్చి, ఆ యూనిట్‌ను వీలాన్‌కు విడిగా ముడిపెట్టాలి. ఈ ముడి మర్చిపోవడం కొత్తవాళ్ల తొలి పొరపాటు.

చిరునామా ఇచ్చాక 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' అని అడిగితే, ఇంటర్‌ఫేస్ ఎదురుగా డౌన్ అని కనిపించడం మామూలే. అది చిరునామా తప్పు కాకపోవచ్చు. వీలాన్ ఇంటర్‌ఫేస్ పైకి లేవాలంటే ఆ వీలాన్ స్విచ్ పట్టికలో నిజంగా ఉండాలి. ఆ వీలాన్‌ను మోసే పోర్టు కనీసం ఒకటైనా పనిచేస్తూ ఉండాలి. స్పానింగ్ ట్రీ ఆ పోర్టును ఫార్వర్డింగ్ స్థితికి తెచ్చి ఉండాలి. అంటే అడిగేవాడు లేని గదికి స్విచ్ గుమ్మం తెరవదు. ల్యాప్‌టాప్ ఒకటి తగిలిస్తే చాలు, లేచి కూర్చుంటుంది. ఇంటర్‌ఫేస్ పుట్టించడం, వీలాన్ పుట్టించడం వేర్వేరు పనులన్నది గుర్తుంటే సగం తలనొప్పులు ఉండవు. ఇంటర్‌ఫేస్ తీసేసినా వీలాన్ అలాగే ఉంటుంది. వీలాన్ తీసేస్తే మాత్రం దాని పోర్టులన్నీ ఎటూ కాకుండా నిర్జీవంగా మిగిలిపోతాయి.

అంతస్తుల్లో ఉండే లేయర్ 2 స్విచ్‌ల సంగతి వేరు. వాటికి ఒకే ఒక్క చిరునామా చాలు, అదీ నిర్వహణ వీలాన్‌లో. మన ఆసుపత్రిలో రెండో అంతస్తు స్విచ్‌కు వీలాన్ 99లో 10.5.99.12 ఇచ్చి, 'ఐపీ డీఫాల్ట్ గేట్‌వే'గా 10.5.99.1 చూపిస్తే సరి. ఈ డీఫాల్ట్ గేట్‌వే ఆదేశం రౌటింగ్ చేయని స్విచ్‌లకే. 'ఐపీ రౌటింగ్' ఆన్ చేసిన స్విచ్ దాన్ని పట్టించుకోదు. అక్కడ డీఫాల్ట్ రూట్ విడిగా రాయాలి. రౌటింగ్ ఆన్ చేయగానే దూరం నుంచి స్విచ్ అందకుండా పోయిందని వాపోయేవారిలో చాలామంది కథ ఇదే.

దూరం నుంచి పనిచేసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఏ చిరునామా ద్వారా స్విచ్‌లోకి వచ్చామో ఆ చిరునామానే మారిస్తే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. మార్పు మొదలుపెట్టే ముందు పది నిమిషాల తర్వాత తనంతట తాను రీస్టార్ట్ కమ్మని స్విచ్‌కు చెప్పి ఉంచాలి. పొరపాటు జరిగినా సేవ్ చేయలేదు కాబట్టి పాత అమరికతోనే తిరిగి లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ఆ రీస్టార్ట్‌ను రద్దు చేసి, అప్పుడు సేవ్ చేయాలి. ఆసుపత్రి వంటి చోట స్విచ్ రీస్టార్ట్ అవడమే పెద్ద అంతరాయం. కాబట్టి ఇలాంటి మార్పుకు వేళ కూడా చూసుకోవాలి.

గుమ్మానికి తలుపు

చిరునామా ఇచ్చాక దారి తెరుచుకుందని అనుకున్నాం. దాన్ని ఎవరికి, ఎంతమేరకు అన్నది నిర్ణయించేది యాక్సెస్ లిస్ట్, క్లుప్తంగా ఏసీఎల్. దీన్ని వీలాన్ ఇంటర్‌ఫేస్‌కు 'ఇన్' దిశలోనో 'అవుట్' దిశలోనో తగిలిస్తారు. ఈ రెండు మాటల దగ్గర అనుభవజ్ఞులు కూడా తడబడతారు. గదిలో నిలబడి కాకుండా, స్విచ్ లోపల కూర్చుని చూడాలి. కెమెరా నుంచి బయల్దేరి స్విచ్‌లోకి వచ్చేది 'ఇన్'. స్విచ్ నుంచి కెమెరాల వైపు పోయేది 'అవుట్'. కెమెరాలు బయటికి ఏం పంపవచ్చో కట్టడి చేయాలంటే వీలాన్ 40కి 'ఇన్' దిశలో లిస్ట్ కావాలి.

కెమెరాలకు నిజంగా ఏం కావాలి? వీడియో రికార్డర్ ఒకటి, గడియారం సరిచూసుకోవడానికి టైమ్ సర్వర్ ఒకటి, చిరునామా అడగడానికి డీహెచ్‌సీపీ. మిగతాదేదీ వాటికి అక్కర్లేదు. ఇంటర్నెట్ అసలే అక్కర్లేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కెమెరాలను, రికార్డర్లను వాటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే లోబరుచుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ సైన్యం డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. కెమెరాకు బయటికి దారి ఉండటం యజమానికి ఒక్కడికే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లకూ ప్రమాదమే.

లిస్ట్ చివర రాయకపోయినా 'మిగతావన్నీ వద్దు' అనే వరుస ఉంటుంది. అందుకే డీహెచ్‌సీపీకి అనుమతి రాయడం మర్చిపోతే, కెమెరాలు రీస్టార్ట్ అయినరోజు చిరునామా దొరక్క నిలిచిపోతాయి. లిస్ట్ పెట్టిననాడు కాకుండా ఎప్పుడో కరెంటు పోయి వచ్చిననాడు బయటపడుతుంది కాబట్టి, దీనికీ దానికీ లంకె ఉందని ఎవరికీ తట్టదు.

ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఒకటి ఉంది. సిస్కో స్విచ్‌లో లేని పేరుతో లిస్ట్‌ను తగిలిస్తే స్విచ్ ఫిర్యాదు చేయదు. పేరులో ఒక అక్షరం తేడా పడితే ఇంటర్‌ఫేస్ మీద లిస్ట్ ఉన్నట్టే కనిపిస్తుంది, రద్దీ మాత్రం పూర్తిగా స్వేచ్ఛగా పారుతుంది. కాగితం మీద గోడ, నేల మీద మైదానం. కాబట్టి వరుస ఇలా ఉంటే మేలు: ముందు లిస్ట్ రాయాలి, ఇంటర్‌ఫేస్‌ను షట్‌డౌన్‌లో ఉంచి లిస్ట్ తగిలించి చిరునామా ఇవ్వాలి, అన్నీ సరిచూసుకున్నాకే 'నో షట్‌డౌన్'. అలవాటుగా చాలామంది చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు చిరునామా ఇచ్చి, పింగ్ వెళ్లిందని సంతోషించి, లిస్ట్ సంగతి వచ్చే వారానికి వాయిదా వేస్తారు. ఆ వచ్చే వారం చాలా సంస్థల్లో ఇంకా రాలేదు.

ఏసీఎల్ పని చేసేది గదుల మధ్యనే. ఒకే వీలాన్‌లోని రెండు కంప్యూటర్ల మధ్య రద్దీ గేట్‌వే దాకా రాదు, కాబట్టి ఈ లిస్ట్‌కు అది కనిపించనే కనిపించదు. సిబ్బంది కంప్యూటర్లలో ఒకదానికి రాన్సమ్‌వేర్ సోకితే పక్క కంప్యూటర్‌కు పాకడాన్ని వీలాన్ ఇంటర్‌ఫేస్ ఆపలేదు. దానికి పోర్టులను ఒకదానితో ఒకటి మాట్లాడుకోనివ్వని ప్రైవేట్ వీలాన్ వంటి వేరే ఏర్పాట్లు కావాలి.

ఐపీవీ6 ఇంకో పక్కదారి. వీలాన్ ఇంటర్‌ఫేస్‌కు ఐపీవీ6 చిరునామా కూడా ఇచ్చి, ఆ రౌటింగ్ ఆన్ చేస్తే స్విచ్ తన ఉనికిని గదంతా చాటుతుంది. యంత్రాలు దాన్ని విని సొంతంగా చిరునామాలు కట్టుకుంటాయి. పాత లిస్ట్ ఐపీవీ4 ప్యాకెట్లనే చూస్తుంది. ఐపీవీ6 దాని పక్కనుంచే దర్జాగా వెళ్లిపోతుంది. ఐపీవీ6 వాడకంలో భారత్ ప్రపంచంలోనే ముందువరుసలో ఉంది కాబట్టి ఇది ఎప్పుడో రాబోయే సమస్య కాదు. ఐపీవీ6 ఇచ్చిన ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ రెండో లిస్ట్ ఉండాలి.

ప్రతి గేట్‌వే స్విచ్ మొహమే

ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇది. నిర్వహణ కోసం వీలాన్ 99 విడిగా పెట్టాం, దానిలోకి ఇతరులు రాకుండా లిస్ట్ పెట్టాం, ఇక స్విచ్ భద్రమే అనుకుంటాం. కానీ 10.5.40.1 ఎవరు? అదీ స్విచ్చే. 10.5.50.1 కూడా స్విచ్చే. రోగి బంధువు ఒకరు వైఫైలో చేరి తన గేట్‌వే చిరునామాకు ఎస్‌ఎస్‌హెచ్ కొడితే, స్విచ్ లాగిన్ తెర చూపిస్తుంది. వెబ్ పేజీ ఆన్ చేసి ఉంటే అదీ తెరుచుకుంటుంది. ఇచ్చిన ప్రతి చిరునామా స్విచ్ నడిబొడ్డుకు ఒక తలుపే.

2023 అక్టోబర్‌లో ఇది ఎంత ఖరీదైనదో ప్రపంచం చూసింది. సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఈ పరికరాల వెబ్ పేజీలో సీవీఈ-2023-20198 అనే లోపం బయటపడింది. తీవ్రత పదికి పది. పాస్‌వర్డ్ ఏదీ లేకుండానే అత్యున్నత అధికారాలున్న ఖాతాను ఎవరైనా సృష్టించుకోవచ్చు. వేల సంఖ్యలో పరికరాలు దాడికి గురయ్యాయి. వెబ్ పేజీ ఇంటర్నెట్‌కు కనబడినవే మొదట బలయ్యాయి. లోపలి వీలాన్లకు కనబడితే చాలు, లోపల చొరబడినవాడికి అదే అవకాశం.

దీనికి మందు సులువే. వాడని వెబ్ పేజీని పూర్తిగా ఆపేయాలి. ఎస్‌ఎస్‌హెచ్ ఎవరి నుంచి అంగీకరించాలో లాగిన్ లైన్ల మీదే నిబంధన పెట్టాలి. అది ఏ గేట్‌వే ద్వారా వచ్చినా వర్తిస్తుంది. వీలాన్ 1 సంగతీ చూడాలి. పెట్టెలోంచి తీసిన స్విచ్‌లో పోర్టులన్నీ అందులోనే ఉంటాయి, ట్రంక్‌లలో ట్యాగ్ లేని ఫ్రేమ్‌లు పోయేదీ అందులోకే. దానికి చిరునామా ఇవ్వకుండా షట్‌డౌన్‌లో ఉంచి, నిర్వహణకు వేరే సంఖ్య ఎంచుకోవడం ఎన్నాళ్లుగానో ఉన్న మంచి అలవాటు.

ఇక సందర్శకుల వైఫై. వీలాన్ 50కి స్విచ్‌లో చిరునామా ఇవ్వకపోవడమే ఉత్తమం. ఆ వీలాన్‌ను ట్రంక్ మీద నేరుగా ఫైర్‌వాల్‌కు తీసుకెళ్లి గేట్‌వే అక్కడ పెట్టాలి. అప్పుడు స్విచ్‌కు ఆ గది గురించి ఐపీ పరంగా ఏమీ తెలియదు, దారి తెరిచే ప్రశ్నే రాదు. ఎక్కడ చిరునామా పెడితే అక్కడే కాపలా పెట్టాలి. నా లెక్కలో సర్వర్ల వీలాన్‌కూ ఇదే మేలు. స్విచ్ ఏసీఎల్ ప్యాకెట్‌ను విడివిడిగా చూసి వదిలేస్తుంది, ఫైర్‌వాల్ మాత్రం ఎవరు సంభాషణ మొదలుపెట్టారో గుర్తుపెట్టుకుంటుంది. దీనివల్ల వేగం తగ్గుతుందన్న వాదన ఉంది. పెద్ద పెద్ద స్కానింగ్ చిత్రాలు గిగాబైట్ల కొద్దీ కదిలే చోట అది నిజమే కావచ్చు. అలాంటి రద్దీని స్విచ్‌లో ఉంచి, మిగతాది ఫైర్‌వాల్‌కు పంపడం చాలాచోట్ల కుదిరే రాజీ.

డీహెచ్‌సీపీ, లాగ్‌లు

ఒక గదిలో పుట్టిన బ్రాడ్‌కాస్ట్ ఇంకో గదికి వెళ్లదని అనుకున్నాం. కంప్యూటర్ చిరునామా కోసం అడిగేదీ బ్రాడ్‌కాస్ట్‌తోనే. డీహెచ్‌సీపీ సర్వర్ వీలాన్ 20లో ఉంటే వీలాన్ 10లోని కేక దానికి వినిపించదు. వీలాన్ ఇంటర్‌ఫేస్ కింద 'ఐపీ హెల్పర్ అడ్రస్' అని సర్వర్ చిరునామా రాస్తే స్విచ్ ఆ అభ్యర్థనను చేరవేస్తుంది. చేరవేసేటప్పుడు అందులో తన గేట్‌వే చిరునామా రాసి పంపుతుంది. 10.5.10.1 నుంచి వచ్చిందా, అయితే 10.5.10 శ్రేణిలోంచే ఇవ్వాలి అని సర్వర్ గ్రహించేది దానివల్లనే. గేట్‌వే చిరునామా మార్చి సర్వర్‌లో శ్రేణిని మార్చకపోతే, కొత్త యంత్రాలకు చిరునామాలే రావు. ఈ హెల్పర్ ఆదేశం సిస్కోలో డీహెచ్‌సీపీతో పాటు డీఎన్‌ఎస్, టీఎఫ్‌టీపీ, నెట్‌బయాస్ వంటి మరికొన్ని యూడీపీ సేవల బ్రాడ్‌కాస్ట్‌లనూ అడగకుండానే చేరవేస్తుంది. అక్కర్లేనివి ఆపేయాలి.

లాగ్‌ల విషయంలోనూ చిరునామాకు పాత్ర ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచాలి. గడియారాలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైమ్ సర్వర్లతోనో, వాటితో ముడిపడిన సర్వర్లతోనో సరిచూసుకోవాలి. సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. ఆరు చిరునామాలున్న స్విచ్ ఏ చిరునామాతో లాగ్ పంపుతుంది? ప్రత్యేకంగా చెప్పకపోతే, సర్వర్ వైపు ఏ దారిన వెళ్తే ఆ దారి ఇంటర్‌ఫేస్ చిరునామాతో పంపుతుంది. దారి మారితే చిరునామా మారుతుంది, లాగ్ సర్వర్‌లో ఒకే స్విచ్ ఇద్దరిలా కనిపిస్తుంది. లాగ్, టైమ్ రెండిటికీ మూలం వీలాన్ 99 అని స్పష్టంగా రాసి ఉంచితే, ఆరు గంటల గడువులో వెతుకులాట తగ్గుతుంది.

పరీక్షించేది ఎలా?

స్విచ్ తెర మీద ఆదేశాలు చదివి అంతా బాగుందనుకోవడం పరీక్ష కాదు. ఒక ల్యాప్‌టాప్ తీసుకుని కెమెరా పోర్టులో తగిలించాలి. రికార్డర్ అందాలి. రికార్డుల సర్వర్ అందకూడదు. ఇంటర్నెట్ అందకూడదు. 10.5.40.1, 10.5.20.1, 10.5.99.1 మూడింటికీ ఎస్‌ఎస్‌హెచ్ ప్రయత్నించాలి. లాగిన్ తెర ఒక్కదాని నుంచి కూడా రాకూడదు. ఆ తర్వాత వైఫై నుంచి, సిబ్బంది గది నుంచి ఇదే వరుస. పింగ్ ఒక్కటే చూసి ఆగిపోవద్దు. పింగ్‌ను ఆపి మిగతాదంతా వదిలేసిన లిస్ట్‌లు బోలెడు ఉంటాయి.

ఈ పరీక్షలో తరచూ బయటపడేవి పాత ఇంటర్‌ఫేస్‌లు. ఎప్పుడో మూడేళ్ల కిందట వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మనుషుల కోసం వీలాన్ 77 పుట్టించి, చిరునామా ఇచ్చి, పని అయ్యాక మర్చిపోయి ఉంటారు. ట్రంక్‌లు అన్ని వీలాన్లనూ మోస్తుంటే ఆ ఇంటర్‌ఫేస్ ఈనాటికీ లేచే ఉంటుంది, లిస్ట్ ఏదీ లేకుండా. 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' ఇచ్చే జాబితాలో ప్రతి వరుసకూ ఇది ఎవరికోసం అని అడిగి, జవాబు దొరకనివాటిని ముందు షట్‌డౌన్ చేయాలి. రెండు వారాలు ఎవరూ ఫోన్ చేయకపోతే 'నో ఇంటర్‌ఫేస్ వీలాన్ 77' అని తీసేసి, ట్రంక్‌లలో కూడా ఆ సంఖ్యను అనుమతి జాబితా నుంచి తొలగించాలి.